నానా అనే మాట

నానా అంటే ఏమిటని మా విద్యార్థులను అడిగితే తడుముకోకుండా చెప్తారు. నానా తిప్పలు, నానా కష్టాలు, నానా రకాలు. సైన్యం నుంచి ఇంటికి వచ్చినవారి కాగితాల్లో ఈ మాటకు మరో అర్థం ఉన్నదని నాకు ఈమధ్యనే తెలిసింది. ఎన్.ఎ.ఎన్.ఎ. అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. కలిపి చదివితే నానా. ఈ జబ్బు సైనికోద్యోగంవల్ల రాలేదు, దానివల్ల ముదరనూ లేదు అని తాత్పర్యం. ఆ అక్షరాలు పడ్డాయంటే వైకల్యపు పింఛను లేదన్నమాటే. ఆ తరువాతవన్నీ తిప్పలే గనక మన అర్థమూ తప్పు కాదేమో!

మా వీధిలో ఒక హవల్దారుగారున్నారు. మర్రిగూడ వైపు పల్లె ఆయనది. 1984లో 20వ ఏట సైన్యంలో చేరి 2004లో తిరిగివచ్చారు. వచ్చేనాటికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఉద్యోగం వదిలేటప్పుడు పరీక్షించిన వైద్యమండలి 30 శాతం వైకల్యమని రాసింది, పక్కనే నానా అనీ రాసింది. కారణం కింద ఒకటే ముక్క: శరీరతత్వం. వీపున బరువుతో లేహ్ చుట్టుపక్కల ఎక్కి దిగిన కొండలు ఆ ముక్కలో ఎక్కడా కనబడవు. 2005లో అప్పీలు పెట్టుకుంటే రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆయన దాన్ని ట్రంకుపెట్టెలో వేసి, పెట్టె మీద బియ్యం బస్తా పెట్టేశారు.

ఆ బస్తాను కదిపింది ఆయన భార్య. మెట్లెక్కలేక మేడ మీది వాటా వదిలి కిందికి మారిన రోజున కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "జెర గిండ్ల ఏం రాసిండ్రో సదివి చెప్పుండ్రి సారూ. ఈయన అడిగితె చెప్పడు, నొచ్చినా చెప్పడు."

నేను పాఠం చెప్పేది ప్రబంధాలు, పింఛను నిబంధనలు కావు. అయినా కూర్చుని చదివాను. ప్రబంధాలకన్న కఠినమేమీ కాదు సుమండీ!

1982 నాటి నిబంధనల్లో ఒక చక్కని న్యాయం ఉన్నది. కుర్రవాణ్ణి చేర్చుకునేటప్పుడు కీలుకీలూ పరీక్షిస్తారు గదా. ఆనాటి కాగితంలో జబ్బు ప్రస్తావన లేకపోతే, తరువాత వచ్చినది మామూలుగా ఉద్యోగంలో వచ్చినట్టే భావించాలి. కాదనేవారు కారణం రాయాలి. చేరేనాడు కనిపెట్టడానికి వీలులేని జబ్బు అంటే, ఎందుకు వీలులేదో అదీ రాయాలి. రుజువు భారం జవాను నెత్తిన పెట్టకూడదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిపరచింది. అతనిది కీళ్లజబ్బు కాదు, మూర్ఛ. సిగ్నల్ దళంలో 9 ఏళ్లు చేసి 20 శాతం వైకల్యంతో ఇంటికి వచ్చినవాడు. జబ్బు ఏదైతేనేం, సూత్రం మోకాళ్లకూ అదే. 40 ఏళ్లవాడి మోకాళ్లకు శరీరతత్వమని రాయడం కారణం చెప్పడం కాదు, కారణం చెప్పకుండా తప్పుకోవడం. (2008లోనూ 2023లోనూ నిబంధనలు మారాయి గనక, ఎవరికి వారు ఉద్యోగం వదిలిన తేదీ చూసుకోవాలి.)

పక్కింటి రిటైరు తాసీల్దారుగారు దీనికి ఒక అడ్డు వేశారు. "అవతలి వకీలు నల్లగొండ నీళ్లంటే ఏం చెప్తారు?"

ఆలోచించవలసిన మాటే. మా జిల్లా ఫ్లోరైడు సంగతి 1955లోనే సిద్దీఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే కీడు. ఏళ్ల తరబడి తాగినవారికి ముందు పళ్లు గారపడతాయి, పిదప ఎముకలు గట్టిపడి, కీళ్ల చుట్టూ ఉన్న నరాలవంటి పట్టీలు సున్నం పట్టి, వెన్ను వంగి బిగుసుకుపోతుంది. పటికా సున్నమూ కలిపి ఆ నీటిని బాగుచేసే పద్ధతికి లోకమంతటా మా ఊరి పేరే. అదొక కీర్తి! కాని హవల్దారుగారివి బిగుసుకున్న కీళ్లు కావు, అరిగిన కీళ్లు. చాలావరకు ఎక్స్‌రేలోనే తేడా తెలుస్తుంది. పైగా చేరేనాటి కాగితంలో కీళ్లు బాగున్నాయని సైన్యంవారి వైద్యుడే సంతకం చేశాడు. ఆపైన 20 ఏళ్లు ఆయన తాగింది సైన్యంవారి నీళ్లే. తాసీల్దారుగారు తల ఊపారు.

ఇక డబ్బు సంగతి. నూరు శాతం వైకల్యానికి జీతంలో 30 శాతం లెక్క గనక, ఈయన 30 శాతానికి 9 వస్తుంది. 20 శాతం నుంచి 50 లోపు వైకల్యాన్ని 50గా లెక్కగట్టే పద్ధతి మధ్యలో పంపేసినవారికే గాక, గడువు పూర్తిచేసినవారికీ చెల్లుతుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది. దానితో 9 కాస్తా 15 అవుతుంది. సంసారి ఇంట్లో ఆ తేడా మందుల ఖర్చు.

ఇన్నేళ్లు ఊరుకున్నారు గదా అంటే, 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ఉన్నది. నెలనెలా రావలసిన పింఛను గనక ఆలస్యంవల్ల హక్కు చావదు. అయితే పాత బకాయి, కోర్టుకు వెళ్లిన నాటినుంచి వెనక్కి మూడేళ్లకే. బస్తా కింద పడుకున్న తక్కిన ఏళ్లు పోయినట్టే. ఈ మాట ఆమెకెలా చెప్పాలా అని నేను నసుగుతూంటే ఆమే అన్నది: "పోయినయి పోయినయి సారూ. ఇగ ముంగటి నెలలన్న రావాలె గద."

హవల్దారుగారు మాత్రం రెండు రోజులు కలం పట్టలేదు. "అడుక్కున్నట్టుంటది" అన్నారు. దానం అడిగేవాడు అర్జీలో దయతో అని రాస్తాడు, ఈ అర్జీలో ఆ మాట ఎక్కడా లేదు చూడండని కాగితం చేతికిచ్చాను. మూడుసార్లు చదివి సంతకం చేశారు. సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించాక, 2007 చట్టంతో ఏర్పడిన సైనిక ట్రిబ్యునలుకు వెళ్లాలి.

ఆయన చెల్లెలు ఆ పల్లె విడిచి ఎన్నడూ పోలేదు. ఇప్పుడు కృష్ణ నీళ్లు పైపులో వస్తున్నాయి గాని, వంగిన నడుము మరి లేవదు. వైకల్య శిబిరంలో ఎంత శాతమో కొలిచి కాగితమిచ్చారు. ఎంత అని అడిగారే గాని ఎందువల్ల అని ఎవరూ అడగలేదు. పుట్టినప్పుడు కీళ్లు బాగున్నాయని సంతకం చేసినవారు ఆమెకు లేరు. ఆనకట్టలకు మట్టి మోయడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీలకూ లేరు. అన్నగారి అర్జీ నేను రాశానని విని, తనకూ ఒకటి రాసిపెట్టమని ఆమె కబురంపింది. కాగితం తీశాను గాని, ఎవరి పేర రాయాలో ఇంకా తేలలేదు.