విండోస్‌ ఇంట్లో మ్యాక్‌ కాపురం!

అదో చిన్న ప్రింటింగ్‌ ప్రెస్సు. అసలే పెళ్లిళ్ల సీజను. శుభలేఖల డిజైన్లన్నీ యజమాని గదిలోని విండోస్‌ కంప్యూటర్లో ఉంటాయి. మిగతా మూడూ విండోస్‌వే... వాటినుంచే తీసుకుంటాయి. ఇంతలో కొడుకు మ్యాక్‌ కొనుక్కొచ్చాడు. 'అది మనవాటితో కలవదురా' అన్నాడు తండ్రి. 'ఎందుకు కలవదు నాన్నా' అన్నాడు కొడుకు. ఎవరి మాట నిజం? ఇద్దరిదీ కొంత కొంత!

విండోస్‌ కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే భాష పేరు ఎస్‌ఎంబీ. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్‌ అదే భాషను యునిక్స్‌ కంప్యూటర్లకు నేర్పే ప్రోగ్రాము రాశాడు. అదే తర్వాత 'సాంబా' అయింది. ఎస్‌, ఎం, బీ అక్షరాలున్న మాట కోసం వెతికి పెట్టిన పేరది! 2002లో మ్యాక్‌ కూడా సాంబాను తనలో చేర్చుకుంది. 2013 నుంచి మ్యాక్‌ల మధ్య షేరింగ్‌కీ ఎస్‌ఎంబీ కొత్త రూపమే ప్రధాన భాష అయింది.

కాబట్టి రెండిటినీ కలపడం కష్టమేం కాదు. రెండూ ఒకే రౌటరుకు కలిసి ఉండాలి. విండోస్‌లో కావలసిన ఫోల్డరు మీద రైట్‌క్లిక్‌ చేసి, ప్రాపర్టీస్‌లోని షేరింగ్‌కి వెళ్లి అనుమతివ్వాలి. మ్యాక్‌లో ఫైండర్‌ తెరిచి, 'గో' మెనూలో 'కనెక్ట్‌ టు సర్వర్‌' ఎంచుకుని, ఎస్‌ఎంబీ అని కొట్టి, కోలన్‌, రెండు స్లాష్‌ల తర్వాత విండోస్‌ కంప్యూటరు ఐపీ అడ్రసు ఇవ్వాలి. చాలామంది తడబడేది ఇక్కడే. అడిగేది మ్యాక్‌ పాస్‌వర్డు కాదు, విండోస్‌ ఖాతాది. రోజూ నొక్కే పిన్‌ నంబరు కూడా పనికిరాదు.

మూలనున్న పాత ఎక్స్‌పీ కంప్యూటరు సంగతి వేరు. దానికి తెలిసింది ఎస్‌ఎంబీ మొదటి రూపమే. దానికోసమని కొత్త విండోస్‌లో ఆ పాత తలుపు తెరవకూడదు. 2017 మేలో 'వానాక్రై' ప్రపంచమంతటా పాకింది ఆ దారినే. ఆంధ్రప్రదేశ్‌ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారినపడ్డాయి. ఎక్స్‌పీలోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌తో తీసి, వైరస్‌ పరీక్ష చేసి, కొత్తదాంట్లో పెట్టుకుని, దాన్ని నెట్‌వర్క్‌ నుంచి తప్పించడమే మేలు.

ఇక తండ్రి మాటలోని నిజం. ఫోల్డరు తెరుచుకుంది, ఫైలూ వచ్చింది. కానీ 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాల గజిబిజి! నెట్‌వర్క్‌ ఫైలును మోసుకొస్తుందే కానీ ఫాంటును కాదు. యూనికోడ్‌ కాని పాత తెలుగు ఫాంట్లతో వచ్చే తంటా ఇది. ఫాంట్లు కలిపిన పీడీఎఫ్‌ చేసి పంపితే మ్యాక్‌లో చక్కగా కనిపిస్తుంది. అక్షరాల దిద్దుబాటు మాత్రం విండోస్‌లోనే చేసుకోవాలి.

ఇంకొక్క జాగ్రత్త. ఒకరు తెరిచిన ఫైలును రెండోవారు అదే సమయంలో మార్చకూడదు. చివర సేవ్‌ చేసినవారిదే మిగిలి, మొదటివారు దిద్దిన ముహూర్తం చెరిగిపోవచ్చు. వెయ్యి కార్డులు అచ్చయ్యాక తెలిస్తే... ఆ తప్పు విండోస్‌దీ కాదు, మ్యాక్‌దీ కాదు!