తారు మరకకు బ్లేడు మందు కాదు

వేసవిలో పల్లె దారులకు తారు పూత పడే రోజుల్లో ఈ దృశ్యం ఏ ఊళ్లోనైనా కనిపిస్తుంది. కొత్త తారు మీదుగా వచ్చిన కారు ఇంటి ముందు ఆగుతుంది. తలుపుల అడుగు భాగం, చక్రాల వెనుక రేకు నల్లచుక్కలతో నిండి ఉంటాయి. డ్రైవరు గడ్డం గీసుకొనే బ్లేడు తెచ్చి గీకడం మొదలుపెడతాడు. చుక్క పోతుంది. దానితోబాటు రంగూ పోతుంది.

2000 సంవత్సరంలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైన తర్వాత తారు రోడ్డు ఎరుగని ఊళ్లు బాగా తగ్గాయి. అప్పు చేసి కారు కొని కిరాయికి తిప్పుకొనే యువకులూ పెరిగారు. వారికి కారు విలాస వస్తువు కాదు, ఒకప్పటి కాడెద్దుల వంటిది. రంగు చెడిన బండికి అమ్మకంలో ధర తెగ్గోస్తారు. గీత రేకు దాకా దిగితే వానాకాలంలో తుప్పు అక్కడే మొదలవుతుంది. కారు మీది రంగు, దానిపై మెరుపు పూత అన్నీ కలిపినా మందం ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. అంత పలుచని పొర మీద బ్లేడు, ఇటుక పొడి, కొబ్బరి పీచు ప్రయోగించడం ఎంత అవివేకమో వేరే చెప్పనక్కరలేదు.

రోడ్లకు వాడే తారు ముడి చమురు శుద్ధిలో చివరకు మిగిలే పదార్థం. నీటికి లొంగదు గాని నూనెకు లొంగుతుంది. పనసకాయ కోసే ముందు చేతికి నూనె రాసుకొనే ఇల్లాలికి ఈ కిటుకు కొత్త కాదు. బండిని నీడన పెట్టి, రేకు చల్లబడ్డాక నీళ్లతో దుమ్ము పూర్తిగా కడగాలి. దుమ్ము మీదనే రుద్దితే ఇసుక రేణువులే గీతలు పెడతాయి. మెత్తని నూలు గుడ్డను కొబ్బరినూనెలోనో వేరుశనగ నూనెలోనో తడిపి మరక మీద పది నిమిషాలు అద్ది ఉంచి, మెల్లగా తుడవాలి. గుడ్డ నల్లబడినప్పుడల్లా శుభ్రమైన వైపుకు మార్చాలి. మొండి మరకకు రెండు మూడుసార్లు ఓపిక పట్టక తప్పదు. తర్వాత కారు షాంపూతో జిడ్డు కడిగి, ఆరాక ఆ చోట మైనం పాలిష్ పట్టించాలి. మైనం పూత ఉన్న రేకుకు మరోసారి తారు పడినా తేలికగా వదులుతుంది.

పెట్రోలు, టిన్నరు వాడేవారున్నారు. ఇవి రంగును, ముందు దీపాల ప్లాస్టిక్‌ను చెడగొడతాయి. నిప్పురవ్వ తగిలితే ప్రాణాలకే ముప్పు. బీడీ నోట పెట్టుకొని పెట్రోలు గుడ్డతో బండి తుడిచే సాహసం ఇకనైనా మానాలి.

పిల్లల కాళ్లకు అంటిన చల్లారిన తారుకూ వంటనూనే చాలు. కాగిన తారు ఒంటిమీద పడితే మాత్రం పీకరాదు. ఇరవై నిమిషాలు చల్లని నీరు పోసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అయితే తప్పంతా బండివారిదే అనడం న్యాయం కాదు. తారు చల్లి, చిప్స్ పరచి రోలరు తొక్కించకముందే వాహనాలను వదలడం పలుచోట్ల పరిపాటి అయింది. దారిలో సగం పని ముగించి రెండో సగం మొదలుపెట్టడం, హెచ్చరిక బోర్డు నిలపడం కాంట్రాక్టరుకు మోయలేని భారం కాదు. ఈ మాత్రం జాగ్రత్త తీసుకొన్నదీ లేనిదీ రోడ్ల శాఖ ఇంజనీర్లు పని జరిగే చోటనే చూడాలి, బిల్లు పాసు చేసే నాడు కాదు.