గడ్డిలో పండే కూర

వర్షాలు మొదలైనప్పటి నుండి పాఠక సోదరీమణులు కొందరు మమ్మల్ని మూడు ప్రశ్నలు కలిపి అడుగుతున్నారు. పుట్టగొడుగులు తినడం ధర్మసమ్మతమేనా? వాటి రసం కళ్ళకు మందు అంటారు కదా, వేసుకోవచ్చునా? పెరటిలో పెంచుకుంటే ఇంటికి ఆసరా అవుతుందా? మొదటి రెండింటికీ జవాబు చిన్నది. మూడవదానికే ఈ నెల ఎక్కువ స్థలం కేటాయిస్తున్నాము.

ఆరోగ్యానికి హాని చేయనిది, మత్తు కలిగించనిది అయితే నేల మొలిపించినది మనకు ధర్మసమ్మతమే. పుట్టగొడుగు ఇందుకు మినహాయింపు కాదు. బజారులో పొట్లాలలో అమ్మే తెల్లని గుండ్రటి బటన్ పుట్టగొడుగులను కోళ్ళ పెంట కలిపిన ఎరువు మీద పెంచుతారని విని కొందరు సంకోచిస్తున్నారు. పెంట వేసిన మడిలో పెరిగిన తోటకూరను శుభ్రంగా కడిగి తింటున్నాము కదా, దీనికీ అదే విధి.

ఇక కంటి మందు సంగతి. హజ్రత్ సయీద్ బిన్ జైద్ (ర) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అందులో దైవప్రవక్త (స) 'కమ్‌అ' అనే దానిని 'మన్న్' కోవకు చెందినదిగా పేర్కొని, దాని నీటిలో కంటికి స్వస్థత ఉందని తెలియజేశారు. ఉర్దూ అనువాదాలలో ఈ మాటకు 'ఖుంబీ' అని రాయడం వల్ల మన ఇళ్ళలో అది ప్రతి పుట్టగొడుగుకూ వర్తిస్తుందనే అభిప్రాయం ఏర్పడింది. కమ్‌అ ఎడారి నేలలో, మట్టి లోపల, బంగాళదుంప ఆకారంలో ఊరుతుంది. దానికి కాడ ఉండదు, గొడుగు ఉండదు. ఉరుములతో వాన పడిన తరువాతి కాలంలో అరబ్బులు దానిని తవ్వి తీసుకుంటారు. గొడుగు పట్టే జాతికి అరబీలో 'ఫుత్ర్' అని వేరే పదమే ఉంది. పైగా ఆ నీటిని ఒంటిగా వాడాలా, ఇతర కంటి మందులతో కలిపి వాడాలా అన్న విషయంలో హదీసు వ్యాఖ్యాతల మధ్యనే భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక గడ్డిలో పెంచిన పుట్టగొడుగు రసం పిండి పిల్లల కళ్ళలో వేయకండి. కన్ను ఎర్రబడితే కంటి వైద్యుని వద్దకు వెళ్ళండి.

విత్తకుండా, నీరు పోయకుండా దొరుకుతుంది గనుక కమ్‌అను మన్న్‌తో పోల్చారని వ్యాఖ్యాతలు వివరించారు. మనం ఇంట్లో పెంచేది అలా దొరకదు. దానికి పని ఉంది.

తెలుగులో ఈ కూరకు పేరు పుట్ట నుండి వచ్చింది. చెదపురుగులు తమ పుట్ట లోపల ఒక రకమైన బూజును పెంచి తింటాయి. వానకాలంలో ఆ బూజే పుట్టను చీల్చుకుని గొడుగులై లేస్తుంది. దాని రుచి ఎరిగినవారు బజారు సరుకును మెచ్చుకోరు. అయితే అది చెదలతో కలిసి బతికే జాతి. దానిని సంచిలో పెట్టి పెంచడం సాధ్యం కాదు. అడవిలో, చేలగట్ల మీద ఏరుకునేవారి పక్కనే ప్రమాదం కూడా మొలుస్తుంది. వెండి నాణెం నల్లబడకపోతే విషం లేనట్లేనని, పురుగు కొరికినదైతే తినవచ్చునని, పసుపు వేసి ఉడికిస్తే దోషం పోతుందని చెప్పుకునే మాటలలో ఒక్కటీ నిజం కాదు. అన్నిటికంటే ప్రాణాంతకమైన జాతుల విషం ఉడికించినా చావదు. తిన్న ఆరు గంటల తరువాత గాని, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా గాని వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మరునాడు తగ్గినట్లే కనిపిస్తుంది, లోపల మాత్రం కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. తగ్గిందిలే అని ఇంట్లో ఉండిపోయినవారే ఎక్కువగా నష్టపోతారు. అనుమానం కలిగిన వెంటనే, మిగిలిన కూరను, పారేసిన ముక్కలను కూడా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంట్లో పెంచుకోవడంలోని అసలు మేలు ఇక్కడే ఉంది. ఏ విత్తనం వేశామో మనకు తెలుసు, ఏమి మొలవాలో తెలుసు.

మొదటిసారి పెంచేవారికి ముత్యపుచిప్ప పుట్టగొడుగే తగినది. బటన్ రకానికి చల్లని గది, ప్రత్యేకంగా కుళ్ళబెట్టిన ఎరువు కావాలి, ఇంటి పెరటిలో కుదరదు. ముత్యపుచిప్పకు వరిగడ్డి చాలు, 20 నుండి 30 డిగ్రీల వేడి చాలు. అంటే మన ప్రాంతాలలో వానలు పడ్డాక మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా చేసుకోవచ్చు. ఎండాకాలానికి పాల పుట్టగొడుగు ఉంది. 1974లో పశ్చిమ బెంగాల్‌లో శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించి వర్ణించారు. తరువాత కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషితో దక్షిణాదిన సాగు వ్యాపించింది. ఇది 30 నుండి 35 డిగ్రీల వేడిని కోరుతుంది. గడ్డి మీద శుద్ధి చేసిన మట్టిని అంగుళం మందాన పరచవలసిన అదనపు పని ఒకటి ఉంటుంది. ముత్యపుచిప్ప చేతికి అలవాటైన తరువాత దాని జోలికి వెళ్ళండి.

విత్తనం అంటే ఇక్కడ గింజ కాదు. ఉడికించిన జొన్నల మీదనో గోధుమల మీదనో పెంచిన తెల్లని బూజు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ కూడా విత్తనం ఇస్తుంది, శిక్షణా ఇస్తుంది. పొట్లం తెరిచినప్పుడు గింజలన్నీ తెల్లగా అల్లుకుని ఉండాలి. ఆకుపచ్చని, నల్లని మచ్చ ఒక్కటి కనిపించినా తిరిగి ఇచ్చివేయండి.

గడ్డి కొత్తది కావాలి. వానకు తడిసి నల్లబడిన గడ్డి పశువుకు పనికిరానట్లే దీనికీ పనికిరాదు. రెండు అంగుళాల ముక్కలుగా నరికి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. మరునాడు పెద్ద డేగిశాలో నీళ్ళు కాచి, గడ్డి మునిగేటట్లు పైన బరువు పెట్టి, 80 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచాలి. అంచుల వెంట చిన్న చిన్న బుడగలు లేస్తూ, నీరు తెర్లకుండా ఉండే వేడి అది. కొన్ని కరపత్రాలు ఈ శ్రమకు బదులు కార్బెండజిమ్, ఫార్మలిన్ కలిపిన నీటిలో గడ్డి నానబెట్టమంటాయి. వందల సంచులు పెట్టేవారికి అది సులువు కావచ్చు. చిన్న పిల్లలు తిరిగే ఇంట్లో మేము దానిని సమ్మతించము. పొయ్యి ఉంది, డేగిశా ఉంది, గంటసేపు ఓపిక పడితే సరిపోతుంది.

ఉడికిన గడ్డిని శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. ఎంత ఆరాలన్న దగ్గరే చాలామంది తప్పుతారు. గుప్పెడు గడ్డిని గట్టిగా పిండితే నీటి చుక్క రాలకూడదు, అరచేయి మాత్రం తడి కావాలి. నీరు ఎక్కువైతే సంచి అడుగున కుళ్ళి వాసన వస్తుంది. మరీ ఆరితే బూజు పాకదు. ఆరిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కుని, ఫ్యాను ఆపి, కిలో ఎండుగడ్డి లెక్కకు 100 నుండి 150 గ్రాముల విత్తనం చొప్పున, పాలిథీన్ సంచిలో ఒక వరుస గడ్డి, అంచుల వెంట కొంత విత్తనం, మళ్ళీ గడ్డి, ఇలా నాలుగైదు వరుసలు అదిమి నింపాలి. మూతి కట్టి, చుట్టూ పది పన్నెండు చిన్న రంధ్రాలు పొడవాలి.

ఆ సంచులను చీకటి గదిలో 15 నుండి 20 రోజులు కదపకుండా ఉంచండి. తెల్లని బూజు గడ్డినంతా పెనవేసుకుంటుంది. మధ్యలో ఆకుపచ్చని బూజు కనబడితే అది వేరే జాతి, గడ్డి సరిగా ఉడకలేదనో చేయి శుభ్రంగా లేదనో చెప్పే గుర్తు. ఆ సంచిని గదిలో విప్పకండి. అలాగే బయటకు తీసుకుపోయి దూరంగా పూడ్చివేయండి. ఒక్క సంచి మీద జాలి పడితే మిగిలినవన్నీ పోతాయి.

తెల్లబడిన సంచిని చీల్చి, వెలుతురు, గాలి పరోక్షంగా తగిలే చోటికి మార్చాలి. పెరటిలో గోనెపట్టాలతో కట్టిన పందిరి చాలు. పట్టాలను రోజుకు రెండు మూడు సార్లు తడపండి. మొగ్గల మీద నేరుగా నీళ్ళు కుమ్మరించకండి, పసుపు రంగుకు తిరిగి కుళ్ళిపోతాయి. నాలుగైదు రోజులలో మొగ్గలు, ఆ తరువాత మూడు రోజులలో కోతకు వచ్చిన గుత్తులు కనిపిస్తాయి. కాడ పొడవై తల చిన్నదిగా ఉంటే గాలి చాలలేదని, అంచులు ఎండి పగిలితే తేమ చాలలేదని గ్రహించాలి. అంచు పైకి ముడుచుకోక ముందే గుత్తిని మెలిపెట్టి తీసేయండి. ఆలస్యం చేస్తే తెల్లని పొడి రాలుతుంది. ఆ పొడిని రోజూ పీల్చేవారికి దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. అందుకే పడకగదిలో, ఉబ్బసం ఉన్న పెద్దలు కూర్చునే వసారాలో సంచులు వేలాడదీయరాదు. కోసేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవడం మేలు.

ఇప్పుడు ఆసరా విషయం. 'విత్తనం మేమే ఇస్తాము, పండినదంతా మేమే కొంటాము' అని చెప్పి వేల రూపాయలు డిపాజిట్టు కట్టించుకునేవారు ఊరూరా తిరుగుతున్నారు. మా వీధిలో భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి గాజులు తాకట్టు పెట్టి అలా డబ్బు కట్టడానికి సిద్ధపడి, ముందుగా మమ్మల్ని సంప్రదించింది. ఆమె కూతురిని పలక మీద లెక్క వేయమన్నాము. కిలో ఎండుగడ్డికి మూడు కోతలు కలిపి అర కిలో నుండి కిలో దాకా పుట్టగొడుగులు వస్తాయి. మొదటి రోజు నుండి చివరి కోత వరకు సుమారు రెండు నెలలు. పది సంచులు పెడితే రెండు నెలలకు ఎంత బాగా పండినా పది కిలోలు. వారానికి కిలోకు కొంచెం పైన. ఇంట్లో వారానికి రెండు పూటల కూర, పొరుగింటికి ఒక గిన్నె. రోజుకు రెండు కిలోలు అమ్మాలంటే ఎప్పుడూ 120 నుండి 240 సంచులు నడుస్తూ ఉండాలి. అన్నింటికీ గడ్డి ఉడకాలి, గది కావాలి, కోసిన రోజే కొనేవాడు ఉండాలి. కోసిన సరుకు బయట ఒక రోజుకే వాడిపోతుంది, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తుంది. లెక్క చూశాక ఆ సోదరి గాజులు తీయలేదు. ఆరు సంచులతో మొదలుపెట్టింది. రెండు సంచులు ఆకుపచ్చని బూజు పట్టి పోయాయి, నాలుగు పండాయి. ఇప్పుడు వీధిలో ముగ్గురు ముందుగా చెప్పి కొనుక్కుంటున్నారు. కొనేవారు పెరిగిన కొద్దీ సంచులు పెంచమని మా సలహా. ముందుగా ఎవరికీ ఒక్క రూపాయి డిపాజిట్టు కట్టకండి.

మాంసానికి సాటి అని ప్రచారం చేసేవారి మాట కూడా అతిశయోక్తే. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే. నూరు గ్రాములలో మాంసకృత్తులు సుమారు మూడు గ్రాములే. కూరగాయలలో అది మంచి పాలే గాని, కోడికూర స్థానం దానికి ఇవ్వలేము. ఒక విశేషం మాత్రం ఉంది. ముక్కలు కోసి ఎండలో ఉంచితే వాటిలో విటమిన్ డి పెరుగుతుంది. అలాగే బాగా ఎండనిచ్చి గాజు సీసాలో గట్టిగా మూత పెడితే నెలల తరబడి నిలుస్తాయి. పది కిలోలు ఎండితే కిలోకు అటూ ఇటూగా తూగుతాయి. రమజాన్‌లో హలీమ్ తినలేని వృద్ధులకు పలుచని సూపు కాచి ఇవ్వడానికి ఆ ఎండు ముక్కలు గుప్పెడు చాలు.

మూడు కోతలు అయ్యాక మిగిలిన గడ్డిని పారవేయకండి. సంచి ఊడదీసి, నెల రోజులు గుట్టగా మగ్గనిచ్చి, కరివేపాకు మొదట్లోనో మల్లెపాదులోనో వేయండి. ఆ గుట్ట మీద వాన పడితే ఒక్కోసారి మళ్ళీ గొడుగులు లేస్తాయి. చూడటానికి మీరు పెంచినవాటిలాగే ఉండవచ్చు. అయినా ఆరుబయట ఏ బూజు వచ్చి చేరిందో చెప్పలేము గనుక, వాటిని కూరలోకి తీసుకోకుండా మట్టిలో కలిపివేయండి.