బందెలదొడ్డి స్థలం మూగజీవాలకే దక్కాలి: మా ప్రణాళిక

మేము పాలమూరు ఊళ్లవాళ్లం. మాలో పాడి రైతులున్నారు, గొర్ల కాపరులున్నారు, బడి పంతుళ్లు, గోపాలమిత్రలు, డిగ్రీ చదివే పిల్లలున్నారు. పెంచినవాళ్లు వదిలేసిన కుక్కకూ పిల్లికీ మండలంలోనే ఆసరా దొరకాలన్నది మా అందరి మాట. అందుకు మేమేం చేస్తామో, సర్కారును ఏం అడుగుతామో ఇక్కడ రాస్తున్నాం.

ముందు వదిలేస్తున్నది ఎవరో చెప్పుకోవాలి. 44వ నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్లలో కార్లలో తెచ్చి దింపిపోయిన లాబ్రడార్లు, పొమరేనియన్లు కనిపిస్తాయి. పల్లెలో ఎవరో ఒకరు ఇంత అన్నం పెడతారులే అనుకుని పోతారు. ఇంట్లో పెరిగిన ఆ జీవం ఊరకుక్కల మధ్య ఎన్నాళ్లో బతకదు. ఫామ్‌హౌస్ కాపలాకు తెచ్చి, స్థలం అమ్ముడుపోగానే గేటు బయట విడిచినవి కొన్ని. ఆడవని ఏరి, సంచిలో వేసి చికెన్ దుకాణం వెనక పడేసిన కుక్కపిల్లలు మరికొన్ని.

వలస పోయే కుటుంబాలు తాళం వేసిన గడప ముందు మిగిల్చిపోయేవీ ఉన్నాయి. వాళ్లను మాత్రం మేము ఆ కార్లవాళ్లతో ఒక్క గాటన కట్టం. నెలల తరబడి కూలికి పోయే మనిషి కుక్కను వెంట ఎట్లా తీసుకుపోతాడు? ఆ ఇంటివాళ్లు తిరిగి వచ్చేదాకా వాళ్ల జీవాన్ని పైసా అడగకుండా చూసుకునే బస కావాలి. మేము అడిగేవాటిలో ఇదే మొదటిది. ఇది ఉంటే వదిలేయడమనేది సగం ఊళ్లలో పుట్టకముందే ఆగుతుందని మా నమ్మకం.

జీవాలను ఇట్లా వదిలేయడం సాగుతున్నది చట్టం లేక కాదు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇంత తక్కువ జరిమానాకు ఎవరూ వెనకాడరు, దాన్ని పెంచాలి. ప్రతి జిల్లాలో జంతు క్రూరత్వ నివారణ సంఘం ఉండాలనీ, వైద్యశాలకూ ఆశ్రయానికీ ప్రభుత్వం స్థలం ఇవ్వాలనీ ఆ చట్టం కింద వచ్చిన 2001 నియమాలు చెబుతున్నాయి. పేరుకు కాకుండా పని చేసే సంఘం మా జిల్లాకు కావాలి. హైదరాబాద్ బ్లూ క్రాస్ 1992 నుంచి, విశాఖలో జంతు సంరక్షణ సంస్థ 1996 నుంచి చేస్తున్న సేవకు మేము చేతులెత్తి మొక్కుతాం. అయితే కాలు విరిగిన కుక్కను వంద కిలోమీటర్లకు పైగా మోసుకుపోవడానికి మా ఊళ్లో బండి ఎవరిస్తారు?

లోపం ఇంకా లోతున ఉంది. రాజ్యాంగం 12వ షెడ్యూలులో బందెలదొడ్లు, జంతువులపై క్రూరత్వ నివారణ పురపాలికల పనుల్లో ఉన్నాయి. పంచాయతీలకిచ్చిన 11వ షెడ్యూలులో పశుపోషణ, పాడి, కోళ్లు ఉన్నాయి గాని క్రూరత్వ నివారణ మాట లేదు. పాలిచ్చే బర్రె, గుడ్డు పెట్టే కోడి మాత్రమే మా పంచాయతీ లెక్కలోకి వచ్చాయి. మండల పశువైద్యశాలలో మందుల నుంచి బల్లదాకా దాదాపు అన్నీ పశువుల కోసమే ఉండటం అందుకే. ఈ బాధ్యతను పంచాయతీలకు రాష్ట్ర చట్టం ద్వారా, నిధులతో సహా అప్పగించాలి.

నిజానికి ఊరికి ఈ పని కొత్తది కాదు. పంట మేసిన పశువును తోలుకొచ్చి బందెలదొడ్డిలో కట్టేసేవాళ్లు. యజమాని బందె కట్టి విడిపించుకునేదాకా మేత, నీళ్లు అక్కడే. తప్పిపోయిన జీవానికి ఊరు ఒక చోటిచ్చింది. ఆ స్థలాలు చాలాచోట్ల ఖాళీగా పడి ఉన్నాయి, కొన్ని కబ్జా అయ్యాయి. మండలానికి ఒక్కటైనా తిరిగి తీసుకుని నీడ, నీళ్లు, కొన్ని గదులు కట్టాలి. కరిచిన కుక్కను పది రోజులు గమనించడానికి ఒక గది విడిగా ఉండాలి. పశువైద్యశాలలో కుక్కలకూ పిల్లులకూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే రోజు నెలకొకటైనా ఖాయం కావాలి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య బండి వీటికోసమూ రావాలి.

చంపడాన్ని మేము ఒప్పుకోం. 2024 ఫిబ్రవరిలో మా జిల్లా పొన్నకల్‌లో 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. అట్లాగని కుక్క కాటుకు గురైన బిడ్డ తల్లి భయాన్నీ, మేక పిల్లలను పోగొట్టుకున్న కాపరి కోపాన్నీ మేము తోసిపుచ్చం. ఆ కాపరులు మాలోనే ఉన్నారు. కుక్కల్లో నూటికి 70కి టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దారి అదే. పట్నంలో పట్టిన కుక్కలను మా పొలిమేరలో దింపిపోవడాన్నీ అడ్డుకుంటాం. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి.

ఆశ్రయం జీవితాంతం బంధించే చోటు కాకూడదు. వచ్చిన ప్రతి జీవానికీ ఇల్లు వెతుకుతాం, జాతికుక్కకూ నాటుకుక్కకూ ఒకే వరస. తెచ్చి అప్పగించే మనిషిని కసురుకోం, ఫోటో తీసి ఊరికి చూపించం. ఎందుకు వదలాల్సి వచ్చిందో అడిగి, మందుకో తిండికో సాయం చేస్తే ఉంచుకోగలడేమో చూస్తాం. కోలుకోలేని నొప్పితో ఉన్నదానికి ప్రశాంతమైన ముగింపు ఇవ్వాల్సి వస్తే, పశువైద్యుడు రాసిచ్చాకే అది జరగాలి. కుక్కపిల్లలతో వ్యాపారం చేసేవాళ్ల నుంచి విరాళం తీసుకోం.

ప్రతి జులై 6న, జూనోసిస్ దినాన పశువైద్యశాలల్లో వేసే ఉచిత రేబిస్ టీకాకు మా ఊళ్ల కుక్కలను మేమే పట్టుకుపోతాం. బందెలదొడ్డి స్థలాల సర్వే నంబర్లు ఊరూరా తిరిగి రాసుకుంటాం. ఆ జాబితాను, ఈ ప్రణాళికను జతచేసి ప్రతి గ్రామసభలో తీర్మానానికి పెట్టి, నకలును తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకుంటాం.