లక్షల వాచీకి గుడ్డ బెల్టు!

రోలెక్స్ సబ్‌మెరైనర్ లాంటి డైవింగ్ వాచీ ఖరీదు లక్షల్లోనే. దాని స్టీలు చెయిన్ తీసేసి చారల నైలాన్ బెల్టు తొడిగితే..? పట్టుచీర మీద తువ్వాలు కప్పినట్టుంటుందనే వాళ్లూ ఉన్నారు. కానీ ఈ బెల్టు పుట్టింది సోకు కోసం కాదు, వాచీ నీళ్లపాలు కాకూడదని.

మామూలు బెల్టు రెండు ముక్కలు. ఒక్కోటి ఒక్కో పిన్నుకు వేలాడుతుంది. ఏ పిన్ను ఊడినా వాచీ జారిపోతుంది. నడిసముద్రంలో జారితే ఇక దొరికినట్టే! గుడ్డ బెల్టు ఒకటే పొడవాటి ముక్క. ఒక పిన్ను పక్క సందులోంచి కిందికి దిగి, వాచీ వీపు కిందుగా సాగి, రెండో సందులోంచి పైకొస్తుంది. ఒక పిన్ను విరిగినా రెండోది ఆపుతుంది. 1970ల్లో బ్రిటిష్ నౌకాదళం డైవర్లకిచ్చిన సబ్‌మెరైనర్లకు అసలు పిన్నులే లేవు, ఊడిరాని కడ్డీలు బిగించారు. నాటో స్ట్రాప్ అని ఇప్పుడు అందరూ పిలిచే బెల్టుకు మూలం, 1973లో బ్రిటన్ రక్షణశాఖ కొలతలు ఖరారు చేసిన బూడిదరంగు నైలాన్ పట్టీ.

అంతకుముందే 1964లో ‘గోల్డ్‌ఫింగర్’లో జేమ్స్‌బాండ్‌గా షాన్ కానరీ సబ్‌మెరైనర్‌కు చారల బెల్టు కట్టాడు. అది వెడల్పు చాలక పక్కన పిన్ను కనిపిస్తూనే ఉంటుంది. అంతటి గూఢచారికీ కొలత కుదరలేదు పాపం!

అందుకే కొనేముందు పిన్ను పట్టే చోటు కొలవాలి. 20, 22 మిల్లీమీటర్లవే ఎక్కువ. చెయిన్ ఊడదీసేటప్పుడు పనిముట్టు జారితే గీత ఖాయం కాబట్టి అంచులకు టేపు అంటించాలి. వదులైన పిన్నులుంటే అప్పుడే మార్చేయాలి. సముద్రంలో దిగొస్తే మాత్రం బెల్టునీ వాచీనీ విడివిడిగా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే మళ్లీ తొడగాలి.