ఊపిరి మీద మైకు పెత్తనం

2025 మే 21 నుంచి జూన్ 21 దాకా ఆంధ్రప్రదేశ్ అంతటా యోగాంధ్ర పేరుతో యోగా కార్యక్రమాలు జరిగాయి. చివరి రోజు విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు 3 లక్షల మందికి పైగా బారులు తీరారు. దానికి ముందు రోజు ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో 20 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. గిన్నిస్ వాళ్లు రికార్డు రాసుకున్నారు. తలలు లెక్కపెట్టారు, చాపలు లెక్కపెట్టారు, నిమిషాలు లెక్కపెట్టారు. ఊపిరి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ పిల్లల ఓపికకు దండం పెడతాను. నా కోపమంతా వాళ్లకు ఆ లెక్క కట్టినవాళ్ల మీద. సూర్య నమస్కారంలో 12 స్థితులు. నిమిషానికి ఒక నమస్కారం అంటే ఒక్కో స్థితికి 5 సెకన్లు. ఒక స్థితిలో పీల్చి, తర్వాతి స్థితిలో వదలమని నేర్పుతాం కాబట్టి నిమిషానికి సుమారు 6 శ్వాసలు. నీడపట్టున ఊరికే కూర్చున్న పెద్దవాళ్లకే నిమిషానికి 12 నుంచి 20 కావాలి. వంగుతూ లేస్తూ చెమటలు కక్కుతున్న పిల్లను గంటన్నరకు పైగా ఆరింటితో సరిపెట్టుకోమంటే ఏం చేస్తుంది? ఒళ్లు మైకుకు అప్పజెప్పి, ఊపిరిని దాని మానాన వదిలేస్తుంది. దాన్ని కసరత్తు అనండి, కవాతు అనండి. యోగా అనకండి.

నేను చెప్పేది ఒక్కటే. యోగసాధనలో ఆజ్ఞాపించే హక్కు సాధకుడి ఊపిరికే ఉంది. గడియారానికి లేదు, పక్కచాప మీదున్న మనిషికి లేదు, వేదిక మీదున్న గురువుకూ లేదు. చేతులు పైకి లేవకముందే శ్వాస మొదలవ్వాలి. చేతులు ఆగాక కూడా అది కాస్త మిగిలి ఉండాలి. ఛాతీ విచ్చుకునేటప్పుడు పీల్చాలి, ముందుకు వంగేటప్పుడు వదలాలి. ఊపిరి గరగరలాడినా, గొంతులో పట్టేసినా, ముక్కు చాలక నోరు తెరుచుకున్నా శరీరం ‘చాలు’ అంటున్నట్టు. అక్కడే ఆగాలి, లేదా ఒక మెట్టు వెనక్కి రావాలి. కోడలి నుదురు మోకాలికి తగిలిందని అత్త తన నడుము విరుచుకోనక్కర్లేదు. అత్తకు ఎంత వంపు తగునో ఆమె ఊపిరి చెబుతుంది, వినే తీరిక ఇస్తే.

ఆ తీరికే ఇవ్వడం లేదు. ‘ఇంకొంచెం, ఇంకొంచెం, అలాగే పట్టుకోండి’ అని మైకులో ఉసిగొల్పుతారు. ఊపిరి బిగబట్టి కండరాలు బిగిస్తే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లలో బీపీ మాత్ర వేసుకుని వచ్చినవాళ్లెందరో మైకు పట్టుకున్న మనిషికి తెలియదు. తెలుసుకోవాలని కూడా ఉండదు. ప్రాణవాయువును తొందరపెడితే సాధకుడికే ముప్పని హఠయోగ ప్రదీపిక శతాబ్దాల కిందటే హెచ్చరించింది. ఆ గ్రంథం పేరు చెప్పి ఉపన్యాసం మొదలుపెట్టేవాళ్లే ఆ హెచ్చరికను పక్కకు నెడుతున్నారు.

చదువుకున్నవాళ్లు నా మీదకు పతంజలిని తెస్తారు. ఆసనం కుదిరాకే ప్రాణాయామం అని యోగసూత్రాలే చెబుతున్నాయి కదా, ఊపిరిని ముందుకు తెస్తావేం అంటారు. ప్రాణాయామం అంటే శ్వాసను నియమించడం. అది తర్వాతి మెట్టే, కాదనను. నేను అడుగుతున్నది శ్వాసను గమనించమని. నియమించడం వేరు, గమనించడం వేరు. గమనించడానికి ముందు వెనకలు లేవు, చాప మీద కాలు పెట్టిన క్షణం నుంచే మొదలవుతుంది. ప్రయత్నం సడలినప్పుడే ఆసనం కుదురుతుందని అదే పతంజలి అన్నాడు. ప్రయత్నం సడలిందో లేదో ఊపిరి కాక ఇంకేది చెబుతుంది? ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేసిన 45 నిమిషాల ఉమ్మడి కార్యక్రమం చూడండి. ఆసనాలన్నీ అయ్యాక కపాలభాతి, ఆ తర్వాత ప్రాణాయామం, చివర కాస్త ధ్యానం. క్రమం చూసి ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఊపిరి చివర్లో హాజరుపట్టీలో టిక్కు పెట్టే అంశం అనిపిస్తుంది.

ఈ గమనింపు మా పల్నాటికి ఎవరో దిగుమతి చేసిపెట్టిన సరుకు కాదు. మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో విజయపురి సౌత్ ఉంది. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. ఇక్ష్వాకుల కాలంలో, 3వ శతాబ్దంలో, వీరపురుషదత్తుడి ఏలుబడిలో బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం అక్కడ చైత్యగృహం కట్టించింది. శాసనం ఇప్పటికీ ఉంది. ఆ బౌద్ధ సంప్రదాయంలో ఆనాపానసతి, అంటే వచ్చిపోయే ఊపిరిని కనిపెట్టుకుని ఉండటం, పెద్ద సాధన. తర్వాత 5వ శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో కూర్చుని బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే సాధన గ్రంథం రాశాడు. ఆయనది రాజుపాలెం మండలంలోని కోటనెమలిపురి ప్రాంతమని కొందరు పండితుల ఊహ. అది నిజమైనా కాకపోయినా ఆయన పుస్తకంలో పల్నాటి యోగా మాస్టార్లు చదవాల్సిన మాట ఒకటుంది. మొదట్లో ఊపిరిని లెక్కపెట్టమన్నాడు, అయిదుకు తగ్గకుండా, పదికి మించకుండా. మనసు ఊపిరి మీద నిలిచాక ఆ లెక్క వదిలేయమన్నాడు. పైగా ఆ లెక్క ఎవరికి వారు లోపల పెట్టుకునేది. మనం దాన్ని మైకు చేతిలో పెట్టాం, ఎప్పటికీ వదలం.

ఇక నాకు అన్నిటికంటే ఒళ్లుమండే మాట ఒకటుంది. ‘పల్లెటూరివాళ్లకు ఈ సూక్ష్మాలు ఎక్కడ తెలుస్తాయండీ, వన్ టూ త్రీ అంటేనే చేస్తారు’ అంటారు. నరసరావుపేట మార్కెట్లో బస్తా భుజానికెత్తే హమాలీని ఒకసారి చూసి మాట్లాడండి. ఎత్తే క్షణంలో ‘హుఁ’ అని ఊపిరి వదులుతాడు. బిగబట్టి ఎత్తడు. ఆ సంగతి అతనికి ఏ శిబిరంలోనూ ఎవరూ చెప్పలేదు. రోకలి పోటుకు, ఏతం తొక్కుడుకు పాటలు కట్టిన ఆడవాళ్లు, మగవాళ్లు శ్వాసకూ శ్రమకూ పొత్తు కుదిర్చి పాడారు. కారెంపూడిలో వీరుల తిరునాళ్లప్పుడు వీరవిద్యావంతులు గంటల తరబడి పల్నాటి కథ పాడతారు. ఊపిరిని ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియకుండానే పాడుతున్నారా? తెలియనిది వాళ్లకు కాదు. వాళ్లకు తెలిసినదాన్ని పట్టుకుని నేర్పడం చేతకాని మనకు.

పోటీల గురించి ఎక్కువ చెప్పను. 2020 డిసెంబరులో కేంద్రం యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించింది. ఆటగా ఆడుకోండి, పతకాలు తెచ్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ బడిలో ఆ వెన్నెముక వంపులనే యోగా అని నేర్పి, వంగలేని లావుపాటి పిల్లను వెనక వరుసలోకి నెడితే ఊరుకోను. ఆ పిల్ల ఊపిరి నెమ్మదిగా, నిండుగా నడుస్తూ ఉంటే ముందు వరుసలో నిలబడాల్సింది ఆమే.

ఊపిరి చూసుకోమని చెప్పేవాళ్లం ఆ ఊపిరిలోకి పోయే గాలి గురించి కూడా అడగాలి. ఇది రాయకుండా ఈ వ్యాసం ఆపితే నేనూ మైకు మనిషినే అవుతాను. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర రోజంతా తెల్లటి దుమ్ములో పనిచేసేవాళ్లున్నారు. దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే ఆడకూలీలు ఆ ఘాటులో దగ్గుతూ, తుమ్ముతూ, పమిట చెంగు ముక్కుకు కట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటారు. రోహిణి కార్తెలో రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. ఈ మనుషుల దగ్గరకు వచ్చి ‘దీర్ఘంగా పీల్చండి’ అని చెప్పడం ఎంత తేలిక! ఆ గాలిని దీర్ఘంగా పీలిస్తే లోపలికి పోయేది సున్నం. దుమ్ములో పనిచేసి వచ్చి ఆయాసపడుతున్న మనిషి చేత కపాలభాతి చేయించడం నేరం. అతనికి కావాల్సింది వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి ఎక్కడ ఆగుతోందో తనకు తానే చూసుకోవడం. వదిలే ఊపిరిని కాస్త పొడిగించుకోవడం. అంతకు మించి ఒక్క ఆసనం కూడా అప్పుడే వద్దు.

పల్నాడు జిల్లా యంత్రాంగాన్ని నేను అడిగేది స్పష్టం. వచ్చే జూన్ 21కి ఎంతమందిని కూర్చోబెట్టాలో తర్వాత చూసుకోండి. ముందు బట్టీల దగ్గర దుమ్ము పైకి లేవకుండా అణిచే ఏర్పాటు చేయించండి. కల్లాల్లో కూలీలకు ముక్కుకు సరిపడే మాస్కులివ్వండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్పైరోమీటరు పెట్టి వాళ్ల ఊపిరితిత్తులు పరీక్షించండి. ఆ పని చెయ్యని అధికారికి పిడుగురాళ్లలో యోగా చాప పరిచే అర్హత లేదు.