ఇంజన్ సంగతి ఆడవాళ్ళకెందుకు?

వంకాయ కొనాలంటే పుచ్చుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాం. చీర కొంటే అంచు తిరగేసి మరీ చూస్తాం. పావుకిలో బెండకాయలకి పది కాయల కొనలు విరిచే మనల్ని, వేలకి వేలు పోసి పాత కారు ఇంజన్ కొనే రోజున మాత్రం "నువ్వలా నీడలో కూర్చో" అంటారు. మనమూ బుద్ధిగా కూర్చుంటాం. ఈ కూర్చోవడం మీదే నా దెబ్బలాటంతా.

మా గజపతినగరం విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే రోడ్డు మీద ఉంది. సాలూరంటే లారీల ఊరని మా వైపు వాళ్ళెవర్నడిగినా చెప్తారు. రాత్రనక పగలనక ఆ లారీలన్నీ మా ఊరి మీంచే పోతాయి. అంచేత ఇంజన్ల గురించి మాట్లాడని మగవాడు మా చుట్టుపక్కల భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. టీ కొట్టు దగ్గర నిలబడి, పోతున్న లారీ చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసే ధన్వంతరులున్నారు. మావారూ వాళ్ళలో ఒకరే లెండి.

మాకో మారుతి 800 ఉంది. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కింది మొదలు 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా, మధ్యతరగతి ఇళ్ళ ముందు కారు నిలబడిందంటే చాలావరకు ఆ బండి చలవే. అది ముసలిదైంది. పొగ, గుక్కెడు గుక్కెడు ఆయిలు తాగడం, ఎత్తెక్కమంటే మొరాయించడం! బోరుకొచ్చిందన్నాడు మెకానిక్కు. బోరు కొట్టించి పిస్టన్లు మార్చేకంటే, తుక్కుకి వేసేసిన కారులోంచి మంచి ఇంజన్ ఒకటి తెచ్చి ఎక్కిస్తే చవకన్నాడు. ఆ సలహాని నేను తప్పుపట్టను. మంచిది దొరికితే చవకే. ఆ "మంచిది" అన్న మాట తేల్చేదెవరన్నదే నా ప్రశ్న.

డబ్బు నా చీటీ డబ్బు. అంచేత నన్నూ తీసుకెళ్ళారు. ఓ పాత సామాన్ల షెడ్డులో తుక్కు కారొకటి, దాన్లో మా కోసం చూసి పెట్టిన ఇంజన్. పెళ్ళిచూపులకి ముస్తాబు చేసినట్టు కిరసనాయిలుతో కడిగి, నల్లరంగు పూసి నిగనిగలాడించారు. కుర్రాడు తాళం తిప్పగానే బుర్రుమంది. మావారి మొహం వెలిగిపోయింది. నేను దగ్గరికెళ్ళి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. మేం రాకముందే దాన్ని కాసేపు నడిపించి ఉంచారన్నమాట. వెనక గొట్టంలోంచి నీలం పొగ కూడా వస్తోంది.

"ఏమండీ, ఇది ముందే వేడిగా ఉంది, ఆ పొగేమిటి?" అన్నాను.

"నీకెందుకూ, వాళ్ళు మాట్లాడుతున్నారుగా" అన్నారు మావారు.

"సానా రోజులు కాళీగా ఉండిపోనాది గదమ్మా, రెండ్రోజులు తిప్పితే పొగంతా ఎల్లిపోతాది" అన్నాడు షెడ్డాయన.

నేను నోరు మూసుకుని నీడలో కూర్చున్నాను. డబ్బు లెక్కపెట్టి మావారి చేతికిచ్చింది కూడా నేనే.

పొగ పోలేదు. రెండు నెలలు తిరక్కుండానే ఓ రాత్రి మా అత్తగారికి ఆయాసం ఎక్కువైతే విజయనగరం ఆసుపత్రికి బయలుదేరాం. బొండపల్లి దాటాక లోపల టకటకమని మోత, ఆపైన నిశ్శబ్దం. ఉన్న ఆయిలంతా తాగేసి బేరింగులు పట్టేశాయని తర్వాత తెలిసింది. ఆ చీకట్లో, ఎగశ్వాస పీలుస్తున్న పెద్దావిణ్ణి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డ ఇరవై నిమిషాలూ నేను మర్చిపోలేను. ఓ సాలూరు లారీ ఆగింది. "ఎక్కండమ్మా, మామ్మగారిని నాపక్కన కూకోబెట్టండి" అన్నాడా డ్రైవరు. ఆయన పుణ్యమా అని మా అత్తగారు గట్టెక్కారు.

కోలుకున్నాక ఆవిడ వాళ్ళబ్బాయినేమీ అనలేదు. నన్నే అడిగారు: "వేడిగా ఉందని నీకు తెలుసటగా, ఎందుకూరుకున్నావమ్మా?" నా దగ్గర జవాబు లేదు.

ఇంజన్ని పరీక్ష చెయ్యడం బ్రహ్మవిద్యేమీ కాదు. వంటిల్లు నడిపే మనిషికి రాని విద్య అందులో ఏముందో చెప్పండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మన కళ్ళముందు స్టార్టు చేయించాలి. ముందే వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోవాలి, లేదా రేపొస్తామని చెప్పాలి. పొగ రంగు చూడాలి. నీలం పొగ వదలకుండా వస్తుంటే ఆయిలు కాలుతోంది, రింగులో వాల్వుల గైడులో అరిగాయి. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. చలిపొద్దున కాస్త తెల్ల ఆవిరి రావడం మామూలే, వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్ళు లోపలికి కారుతున్నాయేమోనని అనుమానించాలి. ఆయిలు పోసే మూత తిప్పి అడుగు చూడండి. మజ్జిగలాంటి తెల్లటి జిడ్డు పట్టి ఉంటే, ఆయిల్లో నీళ్ళు కలిశాయేమో, హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో తేలాకే బేరం. ఇంజన్ నడుస్తుండగా ఆ మూత తీస్తే ఇడ్లీపాత్ర మూత తీసినట్టు పొగ గుప్పుగుప్పున తంతుంటే లోపల అరిగిపోయిందన్నమాటే. పుల్లకంటిన ఆయిలు వేళ్ళ మధ్య రాసి చూడండి. గరుగ్గా, మెరుపుగా తగిలితే అది ఇనప రజను.

వీటన్నిటికీ మించింది కంప్రెషన్ మీటరు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరుకీ పెట్టి చూస్తారు. మారుతికి మూడే కనక ముచ్చటగా మూడు అంకెలొస్తాయి. మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువగా ఉంటే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూడమనండి. అంకె పెరిగితే లోపం రింగుల్లో, పెరక్కపోతే వాల్వుల్లోనో గ్యాస్కెట్టులోనో. విప్పిన ప్లగ్గు లేత గోధుమరంగులో పొడిగా ఉంటే సంతోషం. నల్లగా, జిడ్డుగా ఉంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యడం.

అసలు ముందడగాల్సింది ఇంకొకటుంది. ఆ కారు తుక్కుకెందుకొచ్చింది? వెనకనుంచి గుద్దేస్తే మూలపడ్డ కారైతే, ఆ క్షణందాకా నడిచిన ఇంజన్ కదా, ఆశ పెట్టుకోవచ్చు. ఇంజనే పాడై మూలపడ్డ కారైతే ఎవరో వదిలించుకున్న జబ్బుని మనం కొనుక్కున్నట్టు. పైగా కార్బరేటరు బండికి ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజన్ కొంటే దాని కంప్యూటరూ, వైర్లూ, పెట్రోలు పంపూ అన్నీ వెతుక్కోవాలి, అప్పుడా చవక చవక కాదు. ఏది కొన్నా, బిగించే ముందే టైమింగ్ బెల్టు కొత్తది వేయించాలి.

కాగితాలు మరీ ముఖ్యం. ఇంజన్ మీద కొట్టిన నంబరు అరగదీసినట్టు గాని, మళ్ళీ కొట్టినట్టు గాని ఉంటే దొంగసొత్తేమోనని అనుమానించి తీరాలి. రసీదు మీద ఆ నంబరు వేయించాలి. ఇంజన్ మార్పు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. ముందుగా ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి, కొత్త నంబరు రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కించుకోవాలి. ఎక్కకపోతే రేపు ఏ ప్రమాదమో జరిగి ఇన్సూరెన్సు అడిగిననాడు చిక్కు మనదే. గ్యారంటీ ఎన్నాళ్ళో, పాడైతే విప్పి బిగించే కూలి ఎవరిదో కూడా కాగితం మీద ఉండాలి. నోటిమాట గ్యారంటీ షెడ్డు గేటు దాటదు.

"నమ్మకమైన మెకానిక్కుంటే ఇదంతా దేనికండీ?" అంటారు. నమ్మండి, కాదనను. కాని మన తరఫున ఇంజన్ చూసేవాడికీ షెడ్డుకీ మధ్య కమీషన్ నడుస్తుంటే ఆ చూపు మన చూపు కాదు. నిజాయితీగల మెకానిక్కు మీటరు పెట్టమంటే కోప్పడడు. కోప్పడితే అదీ ఒక పరీక్షే. "మా ఆయనకి చిన్నతనంగా ఉంటుందండీ" అంటారు మరికొందరు. నడిరోడ్డు మీద తల్లిని లారీ ఎక్కించిన రోజున మావారికి కలిగిన చిన్నతనం ముందు, షెడ్డులో పెళ్ళాం ఓ ప్రశ్న వేస్తే కలిగేదెంత?

తప్పంతా మగవాళ్ళదే అని నేననను. "మనకేం తెలుసు" అనడంలో మనకో సుఖముంది. చెడితే ఆయన్ననొచ్చు. నేను ఆ సుఖానికే అలవాటు పడ్డాను. చూసిన కన్ను నాది, తాకిన చెయ్యి నాది, డబ్బూ నాదే, ఊరుకున్న నోరూ నాదే.

రెండో ఇంజన్ కొనడానికి నేను నీడలో కూర్చోలేదు. రెండుచోట్ల మీటరు లేదన్నారు, వచ్చేశాం. మూడోచోట చల్లని ఇంజన్ మీద నేనే చెయ్యి పెట్టి, అప్పుడు స్టార్టు చెయ్యమన్నాను. మూడు అంకెలూ నా చీటీల పుస్తకం వెనక రాసుకున్నాను. మావారు పక్కనే నిలబడి పెన్ను అందించారు. బండి ఇప్పుడు తిరుగుతోంది. ఆదివారం ఆదివారం ఆయిలు పుల్ల తీసి చూసేది నేనే.

మీ ఇంట్లో కూడా ఎప్పుడో ఒకనాడు కారో, మోటారో, మరొకటో పాతది కొనే రోజొస్తుంది. ఆరోజు ఎవరైనా కుర్చీ వేసి నీడ చూపిస్తే, దయచేసి కూర్చోకండి.